‘వచ్చి కూసున్నట్టే ఉండాది’: అందులో ‘ట్టే’ ఎక్కడ పోయింది?

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతున్నాను.

ఆయనకు 36 ఏళ్లు. సొంతూరు మదనపల్లె దగ్గర ఒక పల్లె. తండ్రి టమాటా రైతు, ఎనిమిది నెలల కిందట గుండెపోటుతో పోయారు. కర్మలయ్యాక 62 ఏళ్ల తల్లిని బెంగళూరు తెచ్చుకున్నారు. మొదటి రెండు నెలలు ఆవిడ ‘గుండె పట్టేసినట్టుంది, అరికాళ్లు మంటలు, కడుపులో వేడి’ అంటుంటే ఈసీజీ, ఎండోస్కోపీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. తర్వాత ఇంకోటి మొదలైంది. సాయంత్రం ఆరవుతుంటే బాల్కనీలో రెండు స్టీలు గ్లాసుల్లో టీ పోసి పెట్టి కూర్చుంటుంది. ఊళ్లో ఆయన తోట నుంచి వచ్చే వేళ అది. ‘ఈ పొద్దు ధర పలికిందా?’ అని అడుగుతుంది, కాసేపు ఊ కొడుతుంది.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సైకియాట్రిస్టుకు చూపించారు. ఆవిడకు తెలుగు తప్ప రాదు, డాక్టరుకు తెలుగు రాదు. కొడుకే ఇంగ్లీషులో చెప్పారు. పావుగంటలో చూడటం అయిపోయింది. చీటీ మీద ‘సైకోసిస్’ (ఏది నిజమో ఏది భ్రమో తేడా తెలియకుండా పోయే జబ్బు) అని రాసి, రాత్రిపూట వేసుకోవడానికి మాత్ర ఇచ్చారు. మూడు వారాలైంది. ఇప్పుడు పగలంతా మగతగా ఉంటోంది, గ్లాసు పట్టుకుంటే టీ తొణుకుతోంది, నడక బిగుసుకుపోయింది. రెండో గ్లాసు పెట్టడం మాత్రం మానలేదు.

మేనమామ ‘గాలి సోకింది, ఊరికి తీసుకురా, తాయెత్తు కట్టిద్దాం’ అంటున్నారు. భార్యేమో ఆరేళ్ల పాపను అత్తగారి దగ్గర వదలడానికి భయపడుతోంది. ఆయన ప్రశ్న ఇది: ‘మేడమ్, ఇది మన వైపు మామూలేనా? లేక మామూలే అనుకుని అమ్మ జబ్బును నేను పట్టించుకోవడం లేదా? ఎవరి మాట వినాలి?’

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఎవరి మాట వినాలన్నదాని కంటే ముందు, మూడో పేజీ చివర మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి ఉంది. పోయిన ఆదివారం అమ్మ ‘నన్ను గూడా రమ్మంటా ఉండాడు మీ నాయన’ అందని రాశారు. ఆ తర్వాత ఏం జరిగిందో రాయలేదు. మీరూ ఏమీ అడిగినట్టు లేరు.

మన ఊళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు ఈ మాట అంటారు. శవం మీద పడి ఏడ్చేటప్పుడు అంటారు, కర్మ రోజు అంటారు, ఆర్నెల్ల తర్వాత ముద్ద మింగుడు పడనప్పుడూ అంటారు. చాలాసార్లు అది దుఃఖం చెప్పుకునే తీరు, అంతే. కొన్నిసార్లు నిజంగా పోవాలని ఉన్నవాళ్లు చెప్పే మాట కూడా ఇదే. ‘అదంతా మామూలే’ అనుకునే ఇంట్లో ఈ రెండో అర్థం ఎవరికీ వినపడదు. అందుకే ఇవాళ రాత్రే, పాప పడుకున్నాక, అమ్మ పక్కన కూర్చుని అడగండి: ‘అమ్మా, నాయన రమ్మంటే నువ్వేమన్నావు?’

ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి. అడగడం వల్ల అలా జరగదు, లోపల పెట్టుకున్నవాళ్లకు బరువు దిగుతుంది. ‘పాప పెండ్లి చూసి వస్తానన్నా’ అనొచ్చు. ‘పోదామనే ఉండాది’ అనొచ్చు. రెండో జవాబు వస్తే ఎలా, ఎప్పుడు అని కూడా నెమ్మదిగా అడగండి, ఆవిడను ఒంటరిగా వదలకండి, తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబరులో మొదలైంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. జవాబు ఏదైనా సరే, మాత్రల డబ్బా మాత్రం ఇకనుంచి మీ దగ్గరే పెట్టుకోండి.

ఇప్పుడు ఆ పావుగంట సంగతి. మొదటి పేజీలో మీరు అమ్మ మాటను ఆవిడ యాసలోనే రాశారు: ‘మీ నాయన వచ్చి కూసున్నట్టే ఉండాది.’ రెండో పేజీలో డాక్టరుకు ఏం చెప్పారో రాశారు: రోజూ నాన్న వస్తున్నాడంటోంది, ఆయన గొంతు వినపడుతోందంటోంది అని. ఈ రెండూ ఒకటి కావు. మధ్యలో ఒక ‘ట్టే’ పోయింది. ‘వచ్చినట్టే ఉంది’ అనే మనిషికి ఆయన రాలేదని తెలుసు. ‘వచ్చాడు’ అనే మనిషికి తెలియకపోవచ్చు. డాక్టరు ప్రధానంగా తేల్చుకోవాల్సింది సరిగ్గా అక్కడే. మన భాషలో అది క్రియ చివర తగిలించే ముక్క. కంగారులో ఇంగ్లీషులోకి మారుస్తుంటే మొదట జారిపోయేది అలాంటి ముక్కలే. కౌన్సెలర్‌గా ఈ ఊళ్లో చాలామంది తెలుగు పెద్దవాళ్లతో డాక్టర్ల గదుల్లో కూర్చున్నాను. నేనూ జారవిడిచాను, తర్వాత గుర్తొచ్చి పరిగెత్తుకెళ్లి దిద్దుకున్నాను. కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు.

ఆ గదిలోనే ఇంకొకటి జరిగింది. ‘ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా?’ అని డాక్టరు అడిగితే, జాతరలో అమ్మకు గంగమ్మ ఒంటి మీదికి వస్తుందని, 20 ఏళ్లుగా వస్తోందని చెప్పారు. నిజమే చెప్పారు. కానీ చీటీ మీద అది ‘20 ఏళ్లుగా లక్షణాలు’ అయి కూర్చుంది. ఏడాదికొకసారి, ఊరంతా చూస్తుండగా, డప్పులు మోగుతుండగా వచ్చి, హారతి ఇవ్వగానే దిగిపోయి, మర్నాడు కలుపు తీయడానికి వెళ్లే మనిషి విషయంలో అది జబ్బు లక్షణం కాదు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో పూనకాన్ని రుగ్మతగా గుర్తించే చోటే, ఆ సమాజం ఆచారంగా ఒప్పుకున్న పూనకానికి ఆ పేరు పెట్టకూడదని రాసి ఉంది. జాతర, డప్పులు, హారతి సంగతి మీరు చెప్పలేదు. డాక్టరు అడగలేదు. జాతర చూడని మనిషికి అడగాలని తోచకపోవచ్చు కూడా.

అరికాళ్ల మంటల గురించి కొంచెం. మన అమ్మలు ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పుకోవడం తక్కువ. చెబితే ‘అందరికీ లేదా దిగులు’ అంటారని తెలుసు. మంట, వేడి, లాగుడు, గుండె పట్టేయడం, నరాల బలహీనత అంటారు. ఇది నాటకం కాదు, ఒళ్లు నిజంగానే మండుతుంది. పరీక్షలు బాగున్నాయనగానే ఆ మాటలను పక్కన పెట్టేశాం. రెండు నెలలపాటు ఆవిడ తన భాషలో బెంగ గురించే చెబుతూ ఉండి ఉండొచ్చు. గ్లాసు పెట్టడం మొదలయ్యాకే మనకు వినపడింది.

రోగ నిర్ధారణ అంటే రక్త పరీక్షలా ఎక్కడ చేసినా ఒకే అంకె వస్తుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. మనసు జబ్బుల్లో అలా ఉండదు. 1960లలో న్యూయార్క్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా (సైకోసిస్ రకం జబ్బుల్లో ఒకటి) అని రాసే రోగులు లండన్‌లో కంటే చాలా ఎక్కువగా ఉండేవారు. రెండు దేశాల పరిశోధకులు కలిసి రెండుచోట్లా రోగులను ఒకే పద్ధతిలో ప్రశ్నలడిగి చూశారు. 1972లో వచ్చిన ఫలితమేమిటంటే, తేడా చాలావరకు రోగుల్లో కాదు, డాక్టర్లు నేర్చుకున్న అలవాట్లలో ఉంది. ఇద్దరిదీ ఇంగ్లీషే, అయినా అంత తేడా. అలాంటప్పుడు మదనపల్లె తెలుగు ఇంగ్లీషులోకి మారి, పావుగంటలో చీటీ మీదికెక్కితే ఎంత పోతుందో ఆలోచించండి. ఆ డాక్టరు చెడ్డవారని నేననను. ఆయన చేతికి అందిన మాటలతో చూస్తే ఆయన రాసింది అర్థం లేనిది కాదు. అందిన మాటలే తక్కువ.

‘మన వైపు మామూలేనా’ అని అడిగారు. మన వైపే కాదు. 1971లో వేల్స్‌లో ఒక డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడితే, దాదాపు సగం మంది పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనపడటమో, గొంతు వినపడటమో జరిగిందన్నారు. అందులో చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. చాలామందికి అది ఊరటగానే ఉంది. అంటే రెండో గ్లాసు ఒక్కటే చూసి పిచ్చి అనడానికి లేదు.

అయితే, అంతటితో ‘హమ్మయ్య, మన సంస్కృతే’ అని మాత్రలు పక్కన పడేయకండి. చెన్నైలో, ఘనాలోని అక్రాలో, అమెరికాలోని శాన్ మాటియోలో 20 మంది చొప్పున, నిజంగా సైకోసిస్ ఉండి గొంతులు వినపడే రోగులతో మాట్లాడిన అధ్యయనం ఒకటుంది. అమెరికావాళ్లకు ఆ గొంతులు ఎక్కువగా తిట్టే, హింసించే పరాయి గొంతులు. చెన్నైవాళ్లలో చాలామందికి అవి అమ్మ, అత్త, అన్న లాంటి సొంతవాళ్ల గొంతులు. వంట చేయమని, స్నానం చేయమని చెప్పేవి, మందలించేవి. వాళ్లు జబ్బు ఉన్నవాళ్లే. అంటే గొంతు ఎవరిదో చూసి జబ్బు ఉందా లేదా అని తేల్చలేం. నాన్న గొంతు కాబట్టి జబ్బనడం ఎంత తొందరో, నాన్న గొంతే కదా అని తోసేయడం కూడా అంతే తొందర.

నాకు తెలిసిన ఒక కుటుంబం రెండేళ్లపాటు ‘అమ్మవారు’ అంటూ కాలం గడిపింది. ఆ ఇంటి ఆడబిడ్డ ఎవరో విషం కలుపుతున్నారని అన్నం మానేసి ఎముకల గూడయ్యాక గానీ డాక్టరు దగ్గరికి రాలేదు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. అందుకే ఆచారం పేరు చెప్పి నిశ్చింతగా ఉండమని ఎవరితోనూ అనలేను.

మీరు గమనించాల్సింది ఆవిడ మిగతా రోజంతా ఎలా ఉందన్నది. టీ తాగి గ్లాసులు కడిగేసి పాపకు జడ వేస్తోందా? నాన్న పోయాడని అడిగితే ఒప్పుకుంటుందా? అన్నంలో ఏదో కలిపారని, పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని అంటోందా? నిద్ర, తిండి, స్నానం? ఇంకా, ఈ మధ్య చెవి సరిగా వినపడటం లేదా, పేర్లు మర్చిపోతోందా, ఉన్నట్టుండి తికమక పడుతోందా? ఈ వయసులో థైరాయిడ్, బీ12, సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటివి కూడా మనసు మీద పని చేస్తాయి. ఆ రక్త పరీక్షలు చేయించినట్టు మీరు రాయలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, అదే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లడం. మగత, వణుకు, బిగుసుకున్న నడక ఆ రకం మాత్రలతో వచ్చేవే కాబట్టి ఈ వారంలోనే ఎలాగూ చెప్పాలి. ఆయన మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు, ఆపమనొచ్చు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే నిద్ర చెడటం, కంగారు పెరగడం జరగొచ్చు, అప్పుడు అది మందు ఆపడం వల్లో జబ్బు వల్లో ఎవరికీ తెలియదు. వెళ్లేటప్పుడు ‘ట్టే’ సంగతి, జాతర సంగతి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. సగం మంది డాక్టర్లు అలాంటి కాగితాన్ని సంతోషంగా చదువుతారు. చదవకుండా పక్కన పెడితే, అదీ మీకు తెలియాల్సిన సంగతే.

రెండోది, తెలుగు వచ్చిన సైకియాట్రిస్టుతో ఇంకో అభిప్రాయం. నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే. హోసూరు రోడ్డులోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు రాయలసీమ నుంచి ఎన్నో ఏళ్లుగా జనం వస్తూనే ఉన్నారు, రిజిస్ట్రేషన్ దగ్గరే తెలుగు తెలిసినవాళ్లు కావాలని అడగండి. రద్దీ ఉంటుంది, ఒక రోజంతా సెలవు పెట్టుకోండి. పాత చీటీలు, పరీక్షల రిపోర్టులు వెంట ఉండాలి. ఆసుపత్రి రికార్డు కాపీ అడిగే హక్కు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఇచ్చింది. అదే చట్టం, ఒక మనిషి సమాజంలో చెల్లే నమ్మకాలకు, విలువలకు భిన్నంగా ఉన్నంత మాత్రాన, లేదా ఫలానా సంస్కృతికో మతానికో చెందినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు తేల్చకూడదని స్పష్టంగా చెబుతోంది.

లోపల మీరు మాట్లాడకండి. పక్కన కూర్చోండి చాలు. మొదట పది నిమిషాలు అమ్మనే చెప్పనివ్వమని డాక్టరును అడగండి. అమెరికన్ సైకియాట్రీ సంఘం 2013 నాటి తన నిర్ధారణ గ్రంథంలోనే ఇందుకోసం 16 ప్రశ్నలు పెట్టింది: నీకొచ్చిన కష్టాన్ని నీవాళ్లకు ఏమని చెప్పుకుంటావు, ఇది ఎందుకొచ్చిందనుకుంటున్నావు, దేనివల్ల తగ్గుతుందనిపిస్తోంది, ఇలాంటివి. ఇవాళ రేపట్లో మీరే అమ్మను ఇవి అడిగి, ఆవిడ అన్నది అన్నట్టుగా, యాస కూడా దిద్దకుండా, తెలుగులో రాసి తీసుకెళ్లండి. ‘ఉండాది’ని ‘ఉంది’ చేయకండి.

అక్కడ ఏం తేలుతుందో నేను చెప్పలేను. మామూలు దుఃఖమే అనొచ్చు, డిప్రెషన్ అనొచ్చు, మొదటి డాక్టరు మాటే నిజమనొచ్చు. దీర్ఘకాల దుఃఖం అనే నిర్ధారణ ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో దానికి ఆర్నెల్లు దాటాలి, అమెరికన్ లెక్కలో ఏడాది నిండాలి. మీ అమ్మగారికి ఎనిమిది నెలలు. ఒక పుస్తకం ప్రకారం దాన్ని పరిశీలించొచ్చు, ఇంకో పుస్తకం ప్రకారం ఇంకా వేళ కాలేదు. రెండు పుస్తకాలూ ఆ మనిషి సమాజంలో దుఃఖానికి ఎంత కాలం, ఎంత తీవ్రత మామూలో దాంతో పోల్చి చూడమంటాయి. మనకు ఏడాది పాటు మాసికాలు, ఆ తర్వాత సంవత్సరికం ఉన్నాయని డాక్టరుకు చెప్పండి. అవి ఊళ్లో జరుగుతుంటే అమ్మ ఇక్కడ ఉందా? మీ ఉత్తరంలో అది లేదు. ఏడ్చే వేళకు తోడు ఏడ్చే మనుషులు లేకపోతే, దుఃఖానికి బాల్కనీయే దిక్కవుతుంది.

అందుకే మూడో దారి, ఊరు, కొట్టిపారేయదగ్గది కాదు. మామ చెప్పిన కారణం వేరు, నేను చెప్పే కారణం వేరు. అక్కడ తోటి ఆడవాళ్లున్నారు, పలకరించే భాష ఉంది, ఆరు గంటలకు చేయడానికి పని ఉంది. వెళితే కొన్నాళ్లు నిజంగా కుదుటపడొచ్చు. లేదా ఖాళీ మంచం చూసి ఇంకా కుంగిపోవచ్చు, మందూ చూపించుకోవడమూ రెండూ ఆగిపోవచ్చు. పంపితే డాక్టరుతో మాట్లాడాకే, రాత్రి పక్కన పడుకునే మనిషిని కుదుర్చుకున్నాకే పంపండి. ముందు మీరొకసారి వెళ్లి ఇంట్లో, పంపుసెట్టు గదిలో మిగిలిన పురుగు మందు డబ్బాలన్నీ తీయించేయండి. టమాటా రైతు ఇంట్లో అవి లేకుండా ఉండవు. ‘రమ్మంటా ఉండాడు’ అన్న మనిషి దగ్గర అవి ఉండకూడదు.

మామతో గొడవ పడకండి. తాయెత్తు కట్టిస్తే కట్టించనివ్వండి, గుడికి తీసుకెళితే వెళ్లనివ్వండి, అమ్మకు ధైర్యంగా ఉంటే మంచిదే. ‘గుడికీ వెళదాం మామా, మాత్రా వేద్దాం’ అంటే చాలామంది పెద్దలు ఒప్పుకుంటారు. కొట్టడం, పస్తులుంచడం, పొగ పెట్టడం, కట్టేయడం అన్న చోట మాత్రం గీత గీయండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర నయమవుతుందన్న నమ్మకంతో ఇంటివాళ్లు వదిలిన మానసిక రోగులు గొలుసులతో కట్టి ఉండగానే పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. ఏ మొక్కూ ఒక మనిషిని కట్టేసేంత పెద్దది కాదు.

మీ భార్య భయాన్ని చిన్నబుచ్చకండి. చీటీ మీద ఆ మాట చదివితే ఎవరికైనా భయమేస్తుంది. నిర్ధారణ తేలేదాకా పాప దగ్గర ఇంకో పెద్దమనిషి ఉండేలా చూసుకోండి. అమ్మ మగతగా ఉంది కాబట్టి ఎలాగూ అది అవసరం. కానీ పాపను నానమ్మకు దూరం చేయకండి. ‘తాతయ్య గుర్తొస్తున్నాడు, అందుకే నానమ్మ మాట్లాడుకుంటోంది’ అంటే ఆరేళ్ల పిల్లకు అర్థమవుతుంది.

చివరి పేజీలో ‘అమ్మకు పిచ్చి ముద్ర నేనే వేయించానేమో’ అని రాశారు. మూడు నెలలు సెలవులన్నీ ఆసుపత్రుల్లో ఖర్చుచేసిన కొడుకు మీరు. నాలుగు పేజీల్లో మీ నాయన పోయిన రోజు గురించి మీరెక్కడున్నారో, ఏడ్చారో లేదో ఒక్క ముక్క లేదు. రేపు సాయంత్రం వీలైతే ఆరింటికి ముందే ఇంటికి రండి. అమ్మ రెండు గ్లాసులు పెడుతుంది కదా, మూడోది మీరు తెచ్చుకుని పక్కన కూర్చోండి. టమాటా ధర ఆరోజు మార్కెట్‌లో ఎంత పలికిందో ఫోన్లో చూసి చెప్పండి. ఆవిడ ఏమంటుందో వినండి, ‘ట్టే’ ఉందో లేదో. డాక్టరుకు చూపించాల్సిన కాగితంలో ఆ మాటలు కూడా రాయండి.